గడ్డి రన్‌వే మీద తారు వేయాలంటే: కౌన్సిల్ అసలు చూసేది ఏమిటి?

ప్రశ్న: అన్నా, నమస్తే. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊళ్లో ఉంటున్నాం. నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మా ఊరి పక్కనే ఉన్న గడ్డి ఎయిర్‌ఫీల్డ్‌లో రెండేళ్లుగా శని, ఆదివారాల్లో విమానం నడపడం నేర్చుకుంటున్నా. చలికాలం వస్తే నేలంతా బురద, సగానికి పైగా పాఠాలు రద్దవుతాయి. ఇప్పుడు క్లబ్ వాళ్లు 800 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పుతో తారు రన్‌వే కోసం కౌన్సిల్ (స్థానిక ప్రభుత్వ సంస్థ) దగ్గర ప్లానింగ్ పర్మిషన్‌కి, అంటే నిర్మాణ అనుమతికి, అప్లై చేద్దామంటున్నారు, కాగితాల పని బాగా చేస్తానని నన్ను సబ్‌కమిటీలో వేశారు. విషయం బయటికి పొక్కగానే ఊళ్లో చాలామంది గేట్లకి వ్యతిరేక బోర్డులు కట్టారు. మా పాప పుట్టినప్పుడు అమ్మలా ఆదుకున్న పక్కింటి పెద్దావిడ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. క్లబ్‌లోనేమో "ఉన్న రన్‌వేనే కదా, పైన తారు వేస్తున్నాం, అంతే, వీళ్ల గొడవేంటి" అంటున్నారు. అసలు పర్మిషన్ కావాలా? వస్తుందా? నేనేం చేయాలి?

జవాబు:

అన్నా అని పిలిచారు కాబట్టి మొహమాటం లేకుండా చెప్తా. "పైన తారు వేస్తున్నాం, అంతే" అన్న మాట ఇకమీదట మీ క్లబ్‌లో ఎవరి నోటా రాకూడదు. ఊరివాళ్ల ముందే కాదు, మీలో మీరు కూడా అలా అనుకోకూడదు. ఎందుకంటే అది నిజం కాదు, కాదని మీ పక్కింటి పెద్దావిడకి తెలుసు, ఫైలు చూసే ప్లానింగ్ ఆఫీసర్‌కి ఇంకా బాగా తెలుసు. నేనూ ఇలాంటి గడ్డి ఫీల్డ్‌లోనే నేర్చుకున్నా, తర్వాత ఇలాంటి అప్లికేషన్ కోసమే నాలుగేళ్లు తిరిగా, మా మొదటి అప్లికేషన్‌ని తిరస్కరించారు. ఆ లేఖ ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో తారు గురించి ఉన్నది ఒక్క వాక్యం. మిగతాదాంట్లో చాలా భాగం ఎన్ని విమానాలు, ఏ నెలల్లో, ఎన్ని గంటలకి, ఎవరి ఇంటి మీదుగా అన్నదే. కౌన్సిల్ తూకం వేసేది ఆ తారు వల్ల రేపు ఏమేం జరగడానికి వీలవుతుందో దాన్ని. ఈ ఒక్క విషయం మీ సబ్‌కమిటీకి బుర్రకెక్కితే సగం పని అయినట్టే.

ముందు మీ మొదటి ప్రశ్న తేలుద్దాం. పర్మిషన్ కావాలి, ఇందులో సందేహం లేదు. 1990 నాటి టౌన్ అండ్ కంట్రీ ప్లానింగ్ చట్టంలో 55వ సెక్షన్ ప్రకారం భూమి మీద చేసే ఇంజినీరింగ్ పని ఏదైనా పర్మిషన్ అవసరమైన "డెవలప్‌మెంట్" కిందకే వస్తుంది, మట్టి తవ్వి, కంకర పోసి, తారు పరచడం కచ్చితంగా అలాంటి పనే. క్లబ్‌లో ఎవరో ఒకరు "ఎయిర్‌పోర్టులకి పర్మిషన్ లేకుండానే కట్టుకునే వెసులుబాటు ఉందట" అంటారు. ఉంది, కానీ అది పెద్ద ఎయిర్‌పోర్టుల కోసం పెట్టింది, వాళ్లకి కూడా రన్‌వే కట్టడం, పొడిగించడం అందులోంచి మినహాయించారు. ఇంకొకరు 28 రోజుల రూలు తెస్తారు. అది ఏడాదిలో 28 రోజులకి మించకుండా భూమిని తాత్కాలికంగా వాడుకోవడం గురించి, పొలంలో దిగే విమానాలకి పనికొస్తుంది, శాశ్వతంగా తారు వేయడానికి కాదు. "చప్పుడు చేయకుండా వేసేద్దాం, నాలుగేళ్లు గడిస్తే ఎవరూ ఏమీ చేయలేరు" అనే పెద్దమనిషి కూడా ప్రతి క్లబ్‌లో ఒకరుంటారు. ఆ నాలుగేళ్లు ఇంగ్లండ్‌లో 2024 ఏప్రిల్ 25 నుంచి పదేళ్లయ్యాయి. పదేళ్లపాటు తీసేయమని కౌన్సిల్ నోటీసు ఎప్పుడు వస్తుందో తెలియని రన్‌వే మీద క్లబ్ డబ్బంతా పోయడం పిచ్చిపని, ఆపైన ఊళ్లో మీ మాటకి జన్మలో విలువ ఉండదు. (ఇక్కడ చెప్పేదంతా ఇంగ్లండ్ గురించే. స్కాట్లాండ్, వేల్స్‌లో చట్టాలు వేరు.)

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. గడ్డి రన్‌వే ఊరికి ఏం చేస్తోందో ఒక్కసారి ఊరివాళ్ల వైపు నిలబడి చూడండి. వాన పడితే మూసేస్తారు. చలికాలం చాలా రోజులు ఎవరూ ఎగరరు. బరువైన విమానాలు మెత్తటి నేలమీద దిగడానికి జంకుతాయి. అంటే ఎవరూ కాగితం మీద రాయకపోయినా ఆ బురదే మీ ఎయిర్‌ఫీల్డ్‌కి ఇన్నాళ్లూ ఒక హద్దులా ఉంది. తారు వేయగానే ఆ హద్దు చెరిగిపోతుంది. మీకు రద్దయిన పాఠాలు కనిపిస్తున్నాయి, మీ పక్కింటి పెద్దావిడకి తన తోటలో నిశ్శబ్దంగా గడిచిన ఆ నెలలు కనిపిస్తున్నాయి. ఇద్దరూ ఒకే రోజుల గురించి మాట్లాడుతున్నారు.

వాళ్లు ఇంత గట్టిగా ఎందుకు పట్టుబడతారో చెప్పే చట్టం సంగతి ఒకటుంది, మా క్లబ్‌లో సగం మందికి అది తెలియదు. 1982 నాటి సివిల్ ఏవియేషన్ చట్టంలో 76వ సెక్షన్ ప్రకారం, నిబంధనలు పాటిస్తూ, గాలిని, వాతావరణాన్ని బట్టి సబబైన ఎత్తులో ఇంటిమీదుగా విమానం వెళ్తే, ఆ ఒక్క కారణంతో ఇంటివాళ్లు కోర్టులో దావా వేయడానికి లేదు. పక్కింటివాళ్ల పాటల మోతకి కౌన్సిల్ పర్యావరణ విభాగానికి ఫిర్యాదు చేయొచ్చు, విమానం శబ్దానికి ఆ దారి కూడా లేదు. 1990 నాటి ఎన్విరాన్‌మెంటల్ ప్రొటెక్షన్ చట్టమే విమానాల శబ్దాన్ని, బొమ్మ విమానాలది తప్ప, అందులోంచి తీసేసింది. అంటే రన్‌వే ఒకసారి వచ్చేశాక వాళ్ల చేతిలో దాదాపు ఏమీ ఉండదు. ప్లానింగ్ అప్లికేషన్ మీద అభ్యంతరం చెప్పే ఆ కొన్ని వారాలే వాళ్లకున్న ఒకే ఒక్క తలుపు, ఆ తలుపు దగ్గర గట్టిగా నిలబడటం తప్పెలా అవుతుంది? ఇది అర్థమయ్యాక నాకు వాళ్ల మీద కోపం పూర్తిగా పోయింది. మీ కమిటీకి కూడా ముందు ఇది చదివి వినిపించండి.

అందుకే నా సలహా సూటిగా ఇది: ఊరివాళ్లు అడిగేదాకా ఆగకుండా, కౌన్సిల్ పెట్టేదాకా చూడకుండా, మీ హద్దులు మీరే మీ అప్లికేషన్‌లో రాసుకోండి. ఏడాదికి ఇన్ని మూవ్‌మెంట్లు, రోజుకి గరిష్ఠంగా ఇన్ని, పొద్దున ఇన్నింటికి ముందు, సాయంత్రం ఇన్నింటి తర్వాత ఎగరం, ఆదివారం మధ్యాహ్నం సర్క్యూట్లు (ఫీల్డ్ చుట్టూ తిరుగుతూ మళ్లీ మళ్లీ దిగి లేవడం) కొట్టం, జెట్లు రావు, ఇంత బరువు దాటిన విమానం దిగదు, రన్‌వేకి రాత్రి లైట్లు పెట్టం. ఇవి ఉత్తి హామీలైతే ఎవరూ నమ్మరు, షరతులుగా రాస్తే నమ్ముతారు. కౌన్సిల్ పెట్టే షరతు అవసరమైనదిగా, స్పష్టంగా, అమలు చేయగలిగేదిగా, న్యాయంగా ఉండాలని నియమం ఉంది, కాబట్టి "శబ్దం తక్కువగా ఉండేలా చూస్తాం" లాంటి వాక్యాలు పనికిరావు, లెక్కపెట్టగలిగేవే పనికొస్తాయి.

లెక్క దగ్గర ఒక జాగ్రత్త. టేకాఫ్ ఒక మూవ్‌మెంట్, ల్యాండింగ్ ఒక మూవ్‌మెంట్. టచ్ అండ్ గో, అంటే దిగి ఆగకుండా మళ్లీ లేవడం, చేస్తే రెండు. ఒక స్టూడెంట్ గంటసేపు సర్క్యూట్లలో తిరిగితే పన్నెండు, పద్నాలుగు సులువుగా అయిపోతాయి. ఇది తెలియని మనిషి "ఏడాదికి ఐదు వేలు చాలు" అని రాసి, వేసవి అయ్యేసరికి కోటా అయిపోయి తల పట్టుకోవడం నేను చూశా. అందుకని గత మూడు నాలుగేళ్ల మూవ్‌మెంట్ రిజిస్టర్ తెప్పించి నెలవారీగా విడదీసి పట్టిక తయారుచేయండి, మీరు సాఫ్ట్‌వేర్ మనిషి కాబట్టి ఈ పని మీకన్నా బాగా ఎవరూ చేయలేరు, నన్నడిగితే ఈ సబ్‌కమిటీలో మీరు చేయగలిగిన అతి విలువైన పని కూడా ఇదే. ఆ పట్టికలో జులైలో ఎంత రద్దీ ఉందో, జనవరిలో ఎంత ఖాళీగా ఉందో కళ్లకి కట్టినట్టు కనిపిస్తుంది. అప్పుడు మీ క్లబ్ తనని తాను అడగాల్సింది ఒకటుంది. మనకి కావాల్సింది మొత్తం ఎగరడం పెంచుకోవడమా, లేక ఉన్నదాన్నే పన్నెండు నెలలకి సర్దుకోవడమా? రెండోదే అయితే ఏడాది మొత్తాన్ని ఇప్పుడున్న దగ్గరే కట్టేస్తామని రాసివ్వగలరు, దానితో పాటు వేసవి శని, ఆదివారాల మీద రోజువారీ పరిమితి ఇప్పటికన్నా తగ్గించగలరు. అది ఊరికి నిజంగా లాభం. మొదటిదే అయితే ఆ సంగతి దాచకుండా చెప్పండి. దాచి పెట్టిన అప్లికేషన్ ఏదో ఒక దశలో బయటపడుతుంది.

ఇక్కడ మీ క్లబ్ తరఫున కూడా ఒక హెచ్చరిక. చాలా పాత ఎయిర్‌ఫీల్డ్‌లకి అసలు ఏ షరతులూ ఉండవు, దశాబ్దాలుగా ఎగురుతూ వస్తున్నారు కాబట్టి ఆ వాడకం చట్టబద్ధమైపోయి ఉంటుంది. మీది అలాంటిదే అయితే, కొత్త రన్‌వేకి పర్మిషన్ అడగడం అంటే ఇన్నాళ్లూ ఎవరూ ముట్టుకోని స్వేచ్ఛని బల్లమీద పెట్టడమే, కొత్త షరతులు మొత్తం ఎయిర్‌ఫీల్డ్‌కి చుట్టుకోవచ్చు. అందుకని మొట్టమొదట పాత ప్లానింగ్ ఫైళ్లన్నీ కౌన్సిల్ నుంచి తీయించి, ప్లానింగ్ లాయర్‌కో కన్సల్టెంట్‌కో చూపించి, ఇప్పుడున్న చట్టబద్ధమైన వాడకం ఏమిటో తేల్చుకోండి. కావాలంటే ఆ వాడకం చట్టబద్ధమేనని చెప్పే లాఫుల్ డెవలప్‌మెంట్ సర్టిఫికెట్ కౌన్సిల్ నుంచి ముందుగానే తీసుకోవచ్చు. "పర్మిషన్ ఇవ్వకపోతే మేం ఏ హద్దూ లేకుండా ఇలాగే ఎగురుతాం, ఇస్తే ఇన్ని హద్దులకి ఒప్పుకుంటాం" అని చెప్పగలగడం మీకు పెద్ద బలం. దాన్ని బెదిరింపులా కాకుండా ఉన్నదున్నట్టు చెప్పండి.

వాదనలో మీ వైపు నిలబడే మంచి విషయం ఇంకొకటి ఉంది, చాలామంది అది వాడుకోరు. పైలట్ శిక్షణలో మీరు చదివే ఉంటారు, సీఏఏ (బ్రిటన్ పౌర విమానయాన నియంత్రణ సంస్థ) సేఫ్టీ సెన్స్ కరపత్రంలో చెప్పిన లెక్క: గట్టి నేల మీది పొడి గడ్డి మీద టేకాఫ్ దూరానికి 20 శాతం, తడి గడ్డి అయితే 30 శాతం కలుపుకోవాలి, నేల మెత్తబడితే 25 శాతమో ఇంకా ఎక్కువో. తారు మీద 300 మీటర్లు తీసుకునే విమానం తడి గడ్డి మీద 390 మీటర్లు తీసుకుంటుంది. ఆ 90 మీటర్లు ముందుగా లేచిన విమానం కంచె దాటేటప్పటికి, ఊరి చివరి ఇంటి దగ్గరికి వచ్చేటప్పటికి కొంచెం ఎక్కువ ఎత్తులో ఉంటుంది. ల్యాండింగ్‌లో అయితే పొట్టి తడి గడ్డి మీద బ్రేకులు పట్టక దూరం 60 శాతం దాకా పెరగొచ్చని అదే కరపత్రం చెబుతుంది, అంటే ఇది భద్రత మాట కూడా. కానీ ఈ వాదన సగమే చెప్పి ఊరుకోకండి. అదే తారు బరువైన విమానాలకి కూడా దారి తెరుస్తుంది. అందుకే దీని పక్కనే బరువు పరిమితి షరతు పెట్టండి, అప్పుడు వాదన పూర్తవుతుంది.

ఇక కొలతల సంగతి. 800 ఇంటూ 18 అంటే 14,400 చదరపు మీటర్లు, 1.44 హెక్టార్లు. ఈ సంఖ్య చాలా తలుపులు తెరుస్తుంది. హెక్టారు దాటింది కాబట్టి కౌన్సిల్ దీన్ని మేజర్ డెవలప్‌మెంట్‌గా చూస్తుంది, నిర్ణయానికి మామూలు 8 వారాలకి బదులు 13 వారాలు. 2017 పర్యావరణ ప్రభావ అంచనా నిబంధనల రెండో షెడ్యూల్లో ఎయిర్‌ఫీల్డ్‌ల పనులకి పెట్టిన గీత కూడా ఒక హెక్టారే, రన్‌వే పొడిగింపు అయితే హెక్టారు దాటకపోయినా అందులోకి వస్తుంది. అంటే పూర్తి పర్యావరణ నివేదిక అవసరమా కాదా అని కౌన్సిల్ ముందు స్క్రీనింగ్ చేయాల్సి ఉంటుంది. అవసరమంటే గడువు 16 వారాలవుతుంది, ఖర్చు బాగా పెరుగుతుంది. స్క్రీనింగ్ అభిప్రాయం అప్లికేషన్ కన్నా ముందే విడిగా అడిగి తెచ్చుకోండి. అది లేకుండా ఇచ్చిన పర్మిషన్‌ని ఊరివాళ్లు ఆరు వారాల్లోపు జుడీషియల్ రివ్యూకి (నిర్ణయం చట్టప్రకారం జరిగిందా అని కోర్టు చూడటం) తీసుకెళ్తే, గెలిచిన కేసు కూడా చేజారే ప్రమాదం ఉంది.

వాన నీళ్లు మర్చిపోకండి. ఒక్కరోజు 25 మిల్లీమీటర్ల వాన పడితే ఆ తారు మీద 360 ఘనపు మీటర్లు, అంటే 3 లక్షల 60 వేల లీటర్లు. ఇన్నాళ్లూ అందులో చాలా భాగం గడ్డి తాగేసింది. ఇకమీదట ఎటు పోతుంది? మీ ఫీల్డ్ ఊరికన్నా ఎత్తున ఉంటే అభ్యంతరాల్లో మొదటిది ఇదే అవుతుంది, అది న్యాయమైనది కూడా. సాధారణంగా ఇంజినీర్లు చెరువు తవ్వండి అంటారు, కానీ రన్‌వే పక్కన చెరువు అంటే బాతులు, సీగల్స్, విమానానికి పక్షులు తగిలే ముప్పు. వాన లేనప్పుడు ఎండిపోయి ఉండే గుంటలు, గడ్డి కాలవలు అడగండి.

జీవవైవిధ్యం దగ్గర మేం దెబ్బతిన్నాం కాబట్టి కాస్త ఎక్కువ చెప్తా. మేజర్ అప్లికేషన్లకి 2024 ఫిబ్రవరి 12 నుంచి బయోడైవర్సిటీ నెట్ గెయిన్ తప్పనిసరి: పోయిన సహజ ఆవాసానికి బదులు కనీసం 10 శాతం ఎక్కువగా చూపించి, దాన్ని 30 ఏళ్లు కాపాడాలి. గడ్డి పోయి తారు వస్తే ఆ స్థలంలో విలువ సున్నా. లోటు పూడ్చడానికి ఫీల్డ్ అంచుల్లో పూలగడ్డి, కంచె మొక్కలు పెంచాలి, కానీ మళ్లీ అవి పక్షుల్ని పిలుస్తాయి, కాబట్టి రన్‌వేకి దూరంగా ఉన్న మూలల్ని దీనికి కేటాయించాలి. మేం చేసిన తప్పు వేరే. అక్టోబర్‌లో అప్లికేషన్ వేశాం. స్కైలార్క్ లాంటి నేల మీద గూడు పెట్టే పిట్టలు ఉన్నాయో లేవో వసంతంలో మాత్రమే చూడగలరు. దగ్గర్లో కుంటలుంటే గ్రేట్ క్రెస్టెడ్ న్యూట్ అనే బల్లిలాంటి జీవి ఉందేమోనని నీటి డీఎన్ఏ పరీక్ష చేయాలి, అది ఏప్రిల్ మధ్య నుంచి జూన్ ఆఖరు దాకానే. సర్వే లేదు, కౌన్సిల్ పర్యావరణ అధికారి అభ్యంతరం చెప్పారు, తిరస్కరణ కారణాల్లో అదొకటైంది, మాకు ఒక ఏడాది పోయింది. మీరు సర్వేలు ముందు బుక్ చేసి, అవి వచ్చాకే డ్రాయింగ్ ఖాయం చేయండి.

శబ్దం నివేదిక గురించి క్లుప్తంగా. కన్సల్టెంట్లు పొద్దున 7 నుంచి రాత్రి 11 దాకా 16 గంటల సగటు తీసి మ్యాపు ఇస్తారు. పగలు 51 డెసిబెల్స్ సగటు అనేది ఇబ్బంది మొదలయ్యే స్థాయిగా ప్రభుత్వం 2017లో తీసుకుంది. చిన్న ఫీల్డ్‌కి ఆ గీత మీ కంచె దాటకపోవచ్చు కూడా. అది చూపించి "చూశారా, సమస్యే లేదు" అంటే మాత్రం ఊరు మండిపోతుంది, ఎందుకంటే మనిషి చెవికి సగటు వినపడదు, నెత్తిమీద వెళ్లిన ఆ ఒక్క విమానం వినపడుతుంది, ఇరవై నిమిషాల్లో అదే విమానం ఐదోసారి వస్తే ఇంకా బాగా వినపడుతుంది. సగటుతో పాటు ఒక్కో విమానం గరిష్ఠ శబ్దం ఎంతో, ఏ ఇంటి దగ్గర ఎన్నిసార్లో కూడా నివేదికలో రాయించండి.

మీ ఫీల్డ్ గ్రీన్ బెల్ట్‌లో (పట్టణాలు పాకిపోకుండా చుట్టూ ఖాళీగా ఉంచే రక్షిత భూమి) ఉందా అనేది మీరు రాయలేదు. ఇది వెంటనే కనుక్కోండి, ఎందుకంటే అప్పుడు కథ మొత్తం మారిపోతుంది. సర్రీ కౌంటీలోని రెడ్‌హిల్ ఏరోడ్రోమ్ సంగతి మీకు దగ్గరి ఉదాహరణ. గడ్డి రన్‌వేల బదులు ఒక హార్డ్ రన్‌వే కావాలని వాళ్లు అడిగారు, అచ్చం మీలాగే. స్థానిక కౌన్సిళ్లు కాదన్నాయి, అప్పీల్ విన్న ప్రభుత్వ ప్లానింగ్ ఇన్‌స్పెక్టర్ కూడా కాదన్నారు. 2014లో హైకోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది, ఊపిరి పీల్చుకునేలోపే అదే ఏడాది కోర్ట్ ఆఫ్ అప్పీల్ హైకోర్టు తీర్పుని తిరగరాసింది. అక్కడ తేలిన విషయం ఏమిటంటే, గ్రీన్ బెల్ట్‌లో సరికాని డెవలప్‌మెంట్ అయినప్పుడు, గ్రీన్ బెల్ట్‌కి జరిగే నష్టం ఒక్కటే కాదు, శబ్దం, దృశ్యం లాంటి మిగతా నష్టాలన్నీ కూడా అదే తక్కెడలో ఒకవైపు పడతాయి, వాటన్నిటినీ స్పష్టంగా మించిన ప్రత్యేక పరిస్థితులు మీరు రెండోవైపు చూపించాలి. "చలికాలం బురద" ఒక్కటే ఆ బరువుకి సరిపోదు. గ్రీన్ బెల్ట్ కాకపోతే మీ పరిస్థితి చాలా మెరుగు.

మీ పక్కింటావిడ నోట రాకపోయినా ఊళ్లో అందరి మనసులో ఉండే ఇంకో భయం ఇళ్ల గురించి. ఈ రోజు రన్‌వే, పదేళ్ల తర్వాత "ఇది ఇప్పటికే కట్టేసిన భూమి కదా" అంటూ రెండు వందల ఇళ్లు. ఇది అపోహ అని కొట్టిపారేయకండి. 2024 డిసెంబర్‌లో సవరించిన జాతీయ ప్లానింగ్ విధాన పత్రంలో, ఇంతకుముందే డెవలప్ అయిన భూమి అనే నిర్వచనంలోకి, చట్టబద్ధంగా వేసిన పెద్ద పెద్ద గట్టి నేలలు కూడా చేర్చారు. మీ తారు అందులోకి వస్తుందన్న వాదన రేపు భూమి యజమాని తీయొచ్చు. నిజానికి ఈ భయం మీ క్లబ్‌కి కూడా ఉండాలి. హర్ట్‌ఫర్డ్‌షైర్‌లో పాన్‌షాంగర్ ఎయిర్‌ఫీల్డ్ 2014లో మూతపడింది, ఆ భూమిని ఇళ్లకి తీసుకున్నారు. అందుకని భూమి యజమానితో మాట్లాడి, పర్మిషన్‌తో పాటు కౌన్సిల్‌తో చేసుకునే సెక్షన్ 106 ఒప్పందంలో ఎయిర్‌ఫీల్డ్ వాడకం ఆగిపోతే తారు తవ్వేసి మళ్లీ గడ్డి నాటే బాధ్యత రాయించడానికి ప్రయత్నించండి. ఆ ఒప్పందం భూమికి కట్టుబడి ఉంటుంది, మనుషులకి కాదు, రేపు ఎవరు కొన్నా వాళ్లమీదే పడుతుంది. "మీరు మంచోళ్లే, మీ తర్వాత వచ్చేవాడి సంగతేంటి" అనే ప్రశ్నకి నాకు తెలిసి ఇంతకన్నా మంచి జవాబు లేదు. యజమాని దీనికి ససేమిరా అంటే, ఆయన మనసులో ఏముందో మీ క్లబ్‌కి అప్పుడే తెలిసిపోతుంది.

ఇక మీకు అనుకూలంగా ఉన్నవి. ఆ జాతీయ విధాన పత్రంలోనే చిన్న ఎయిర్‌ఫీల్డ్‌ల దేశవ్యాప్త నెట్‌వర్క్‌ని నిలబెట్టుకోవాలని, కాలంతో పాటు అవి మారాల్సిన అవసరాన్ని గుర్తించాలని, వ్యాపారం, వినోదం, శిక్షణ, అత్యవసర సేవలకి వాటి విలువని చూడాలని స్పష్టంగా ఉంది. అప్లై చేసే రోజుకి అమల్లో ఉన్న ప్రతిలోంచే ఆ పేరా సంఖ్య తీసుకోండి, సవరణ జరిగినప్పుడల్లా సంఖ్యలు మారుతుంటాయి. ఎయిర్ అంబులెన్స్ మీ ఫీల్డ్‌ని వాడుతుంటే వాళ్ల నుంచి ఒక లేఖ తెచ్చుకోండి. సీఏఏ మీకు ప్లానింగ్ పర్మిషన్ ఇవ్వదు, ఆపదు, అది కౌన్సిల్ పని. అయితే చిన్న ఫీల్డ్‌లకి సలహా ఇచ్చే ఎయిర్‌ఫీల్డ్ అడ్వైజరీ టీమ్ సీఏఏలో ఇప్పుడూ పనిచేస్తోందేమో కనుక్కుని, ఉంటే రన్‌వే కొలతలు, భద్రత గురించి వాళ్లతో మాట్లాడండి. లైసెన్స్ లేని ఏరోడ్రోమ్‌ల కోసం సీఏపీ 793 అనే పుస్తకం కూడా ఉంది, డ్రాయింగ్ దాని పక్కన పెట్టుకుని చూడండి.

మద్దతు లేఖలు రాయించేటప్పుడు ఒకే లేఖని నూట యాభై మందితో కాపీ కొట్టించకండి. దేశం నలుమూలల నుంచి వచ్చిన అలాంటి నూట యాభై కన్నా, ఊళ్లో ఉండే పదిమంది సొంత మాటల్లో రాసినవి ఆఫీసర్ జాగ్రత్తగా చదువుతారు. వ్యతిరేకంగా వచ్చే లేఖల్లో "మా ఇంటి ధర పడిపోతుంది" అన్నది ప్లానింగ్‌లో లెక్కలోకి రాదు, శబ్దం, నీళ్లు, రోడ్డు, ప్రకృతి వస్తాయి. కానీ ఇంటి ధర గురించి బాధపడే మనిషితో "అది లెక్కలోకి రాదండీ" అని మాత్రం అనకండి. ప్యారిష్ కౌన్సిల్ (ఊరి స్థాయి కౌన్సిల్) నిర్ణయం తీసుకోదు, అభిప్రాయం చెబుతుంది, అయినా వాళ్ల మీటింగ్‌కి మీ క్లబ్ చైర్మన్ తప్పకుండా వెళ్లాలి, వెళ్లి ఎక్కువసేపు వినాలి.

వస్తుందా అని అడిగారు. గ్రీన్ బెల్ట్ కాకుండా, హద్దులు మీరే రాసిచ్చి, సర్వేలు, డ్రైనేజీ సరిగ్గా ఉంటే గట్టి అవకాశమే ఉంది. కౌన్సిల్ కాదంటే ఆరు నెలల్లోపు ప్లానింగ్ ఇన్‌స్పెక్టరేట్‌కి అప్పీల్ చేసుకోవచ్చు. ఊరివాళ్లకి మాత్రం అప్పీల్ హక్కు లేదని గుర్తుంచుకోండి. ఇంకో మాట, 800 మీటర్లూ తారే కావాలా అని కూడా కమిటీలో అడగండి. ముందు డ్రైనేజీ బాగుచేసి, బాగా మెత్తబడే భాగంలో మాత్రం గడ్డి లోంచి మొలిచే గట్టి మెష్ పరిచిన ఫీల్డ్‌లు ఉన్నాయి. దానికీ పర్మిషన్ కావాలేమో కౌన్సిల్‌ని ముందే అడగాలి, కానీ నీళ్లు, గడ్డి, ఇళ్ల భయం మూడూ ఒక్కసారిగా చాలావరకు తగ్గుతాయి. ఆ దారి ఎందుకు చాలదో చెప్పలేకపోతే తారు ఎందుకు కావాలో కూడా సరిగ్గా చెప్పలేరు.

చివరగా మీ పక్కింటావిడ. సబ్‌కమిటీ నుంచి తప్పుకోవాల్సిన అవసరం లేదు. కానీ మీరు ఆ కమిటీలో ఉన్నారన్న సంగతి ఆవిడకి మీ నోటితోనే తెలియాలి, ఇంకా చెప్పకపోతే ఈ వారమే వెళ్లి చెప్పండి. ఆవిడని ఒప్పించడానికి వెళ్లకండి. ఆవిడ తోటలో కూర్చుని, ఏ రోజు, ఏ టైంలో విమానాలు ఎక్కువ ఇబ్బంది పెడుతున్నాయో అడిగి రాసుకోండి, మీరు సర్క్యూట్ తిరిగేటప్పుడు ఆవిడ ఇల్లు ఎక్కడ వస్తుందో మ్యాపులో చూపించండి. మా ఊళ్లో అలా ఒక పెద్దాయనతో కూర్చున్నప్పుడు ఆయన అడిగింది రన్‌వే ఆపమని కాదు, రోజూ మధ్యాహ్నం పడుకునే భార్య కోసం ఒంటిగంట నుంచి మూడింటి దాకా సర్క్యూట్లు వద్దని. మా రెండో అప్లికేషన్‌లో అది షరతుగా రాశాం, ఆ పర్మిషన్ వచ్చింది, ఆ రెండు గంటలు ఇప్పటికీ మా ఫీల్డ్‌లో ఎవరూ సర్క్యూట్ కొట్టరు. మీ పక్కింటి పెద్దావిడ ఏం అడుగుతారో నాకు తెలియదు, కానీ డ్రాయింగ్ కౌన్సిల్‌కి వెళ్లకముందే అది మీ నోట్‌బుక్‌లో ఉండాలి.